తుంటి ఎక్స్‌రే: ఏపీ పెల్విస్ + రెండు వైపులా ఫ్రాగ్ లెగ్. ఇవి 2 వ్యూలా, 3 వ్యూలా? ఎర్రర్ పడింది, రిబటల్ వెయ్యాలా?

నైట్‌షిఫ్ట్_నాని
రేడియాలజీ ప్రో-ఫీ కోడింగ్ (రిపోర్టు చూసి అమెరికా డాక్టర్ల ఫీజు బిల్లులకి కోడ్‌లివ్వడం) చేసేవాళ్లు ఒకసారి చూడండి. తుంటి ఎక్స్‌రే చార్ట్ మీద ఎర్రర్ పడింది, నాకైతే మింగుడుపడటం లేదు. రిపోర్టు హెడ్డింగ్‌లో "ఎక్స్‌ఆర్ హిప్స్ బైలేటరల్ విత్ పెల్విస్ 3 వ్యూస్" అని ఉంది. కింద టెక్నిక్ దగ్గర మాత్రం "ఏపీ పెల్విస్ అండ్ ఫ్రాగ్ లెగ్ లేటరల్ ఆఫ్ బోత్ హిప్స్" (ముందు నుంచి తీసిన కటి, కాళ్లు కప్పలా పెట్టి తీసిన రెండు తుంటుల పక్క వ్యూ), అంతే. ఏపీ ఒకటి, ఫ్రాగ్ లెగ్ ఒకటి, రెండు వ్యూలని 73521-26 ఇచ్చాను (73521 అంటే రెండు తుంటులూ 2 వ్యూలు, 26 అంటే చదివినందుకు మాత్రమే). ఆడిటర్ 73522 అని కొట్టేసింది. హెడ్డింగ్ చూసి వ్యూలు లెక్కపెట్టొద్దని ట్రైనింగ్‌లో చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది వీళ్లే. ఇప్పుడు అదే హెడ్డింగ్ చూపించి ఎర్రర్ వేస్తున్నారు. నెలాఖరు, క్వాలిటీ 95 గీత మీద ఊగుతోంది. ఇది పడితే ఇన్సెంటివ్ గోవిందా. రిబటల్ (ఎర్రర్ మీద అభ్యంతరం) వెయ్యనా, వదిలెయ్యనా?

ఉప్పల్_కోడర్
వెయ్యి బ్రో. పోయేదేముంది.

అమీర్‌పేట_అక్క
వెయ్యి అనడం తేలికే. ముందు లెక్క తేలాలి కదా. బోత్ హిప్స్ ఫ్రాగ్ లెగ్ అంటే కుడికి ఒకటి, ఎడమకి ఒకటి. ఏపీతో కలిపి మూడు. 73522 అంటే 3 నుంచి 4 వ్యూలు. ఆడిటర్ చెప్పిందే కరెక్టు అని నా ఓటు.

కోడింగ్_కాకా
అక్కా, గట్లెట్ల అంటవ్? రెండు కాళ్లు ఒకటే ఫిల్మ్ మీద కప్ప తీరు పెట్టి ఒక్కసారే కొడితే అది ఒక్క వ్యూనే. రెండు తుంటెలు కనవడ్డయి గదా అని రెండు వ్యూలు అంటే, మరి ఏపీ పెల్విస్‌ల గూడ రెండు తుంటెలు కనవడ్తయి, దాన్ని గూడ రెండు అను. అప్పుడు నాలుగైతయి. నాని ఇచ్చిన 73521 కరెక్టే.

అమీర్‌పేట_అక్క
@కోడింగ్_కాకా ఒకే ఎక్స్‌పోజర్‌లో తీశారని రిపోర్టులో ఎక్కడుంది? మీరు ఊహిస్తున్నారు.

కోడింగ్_కాకా
రెండు సార్లు తీసిన్రని యాడుంది? మీరు గూడ ఊహిస్తున్నరు 😄

ఫ్రెషర్_శ్రావణి
నేను కొత్త. మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు తిట్టకండి. పెల్విస్‌కి 72170 వేరే కోడ్ ఉంది కదా, దాన్ని విడిగా ఇచ్చి తుంటికి వేరే ఇవ్వకూడదా? మా ఇన్‌స్టిట్యూట్ నోట్స్‌లో 73510, 73520 అని కూడా ఉన్నాయి, అవి ఇక్కడ ఎవరూ వాడటం లేదేంటి?

ఆడిట్_ఆచారి
@ఫ్రెషర్_శ్రావణి ఆ నోట్స్ పాత పేపర్లవాడికి వేసెయ్యండి. 73500, 73510, 73520, 73530, 73540 ఇవన్నీ 2016 జనవరి 1 నుంచి తీసేశారు. ఇప్పుడున్నవి ఆరు. ఒక వైపు తుంటి అయితే 73501 (1 వ్యూ), 73502 (2-3), 73503 (కనీసం 4). రెండు వైపులా అయితే 73521 (2 వ్యూలు), 73522 (3-4), 73523 (కనీసం 5). ఆరింటి డిస్క్రిప్టర్‌లోనూ "విత్ పెల్విస్ వెన్ పర్ఫార్మ్‌డ్" అనే ముక్క ఉంటుంది. ప్రాణమంతా అందులోనే ఉంది. పెల్విస్ తీసినా తియ్యకపోయినా కోడ్ అదే. తీస్తే ఆ వ్యూ కూడా లెక్కలో కలుస్తుంది, విడిగా 72170 వెయ్యకూడదు.

ఉదాహరణకి ఏపీ పెల్విస్, కుడి తుంటి ఏపీ, కుడి తుంటి లేటరల్. మొత్తం మూడు, ఒక వైపే. 73502-ఆర్‌టీ (ఆర్‌టీ అంటే కుడి). చాలామంది ఇక్కడ 72170 ప్లస్ 73502 ఇచ్చి దొరికిపోతారు. అదే రెండు తుంటులకీ చెరో రెండు, పైన ఏపీ పెల్విస్ ఒకటి అయితే ఐదు, 73523.

ఇక నాని గొడవకి వస్తా, ముందు షిఫ్ట్ అయిపోనీ.

ఫ్రెషర్_శ్రావణి
థాంక్యూ సర్. కుడి వైపు మూడు, ఎడమ వైపు ఒకటి తీస్తే? 73502-ఆర్‌టీ, 73501-ఎల్‌టీ అని రెండు లైన్లు ఇవ్వొచ్చా?

ఆడిట్_ఆచారి
ఇవ్వకూడదు. ఒకే సిట్టింగ్‌లో రెండు తుంటులూ తీస్తే మొత్తం కూడి బైలేటరల్ కోడ్. మూడు ప్లస్ ఒకటి నాలుగు, 73522. దానికి 50 మోడిఫయర్ (రెండు వైపులా అని చెప్పే తోక) కూడా పెట్టకూడదు, కోడ్‌లోనే బైలేటరల్ ఉంది.

ఫిజియో_టు_కోడర్
నేను బీపీటీ చేసి ఇటు వచ్చాను, మా బ్యాచ్‌లో సగం మంది ఇక్కడే ఉన్నారు. కాకా వాదనలో ఒక పాయింట్ ఉంది. సీపీటీలో (ఈ ఐదంకెల కోడ్‌ల పుస్తకంలో) వ్యూ అంటే ఎముకల సంఖ్య కాదు, ఏ కోణం నుంచి ఎన్ని ప్రొజెక్షన్లు తీశారన్నది. కాబట్టి నిజంగా ఒకే షాట్‌లో రెండు తుంటులూ కప్ప భంగిమలో తీస్తే అది ఒకటే. విడివిడిగా తీస్తే రెండు. రిపోర్టు వాక్యం మాత్రం రెండింటికీ సరిపోతోంది. అసలు చిక్కు అక్కడుంది.

టెక్నీషియన్_తెనాలి
మీరందరూ కాగితం చూసి కొట్టుకుంటున్నారు, నేను టేబుల్ దగ్గర ఉండేవాణ్ణి. చెప్పమంటారా?

ఉప్పల్_కోడర్
చెప్పండి అన్నా, మీ కోసమే చూస్తున్నాం.

టెక్నీషియన్_తెనాలి
ఏపీ పెల్విస్ అంటే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కాళ్లూ లోపలికి 15 నుంచి 20 డిగ్రీలు తిప్పాలి. బొటనవేళ్లు తగలాలి, మడమలు ఎడంగా ఉండాలి. అలా తిప్పితేనే తొడ ఎముక మెడ పూర్తి నిడివిలో కనిపిస్తుంది. తిప్పకుండా వదిలేస్తే మెడ పొట్టిగా, లెస్సర్ ట్రొకాంటర్ బయటికి పొడుచుకొచ్చినట్టు పడుతుంది. డాక్టరు ఫిల్మ్ చూడగానే "ఎవడయ్యా తీసింది" అంటాడు.

ఇక కప్ప భంగిమ. మోకాళ్లు మడిచి, అరికాళ్లు రెండూ కలిపి, తొడల్ని పక్కలకి 45 డిగ్రీల దాకా వాల్చాలి. పిల్లలకైతే రెండు తుంటులూ ఒకే ఎక్స్‌పోజర్‌లో వచ్చేస్తాయి, అది మామూలు పద్ధతి. పెద్దవాళ్లలో రెండూ ఒకే క్యాసెట్ మీద తియ్యొచ్చు, 35x43 సెంటీమీటర్లది అడ్డంగా పెడితే పడుతుంది. కానీ ఆర్థో వాళ్లు ఒక్కో తుంటి దగ్గరగా కావాలంటారు. అప్పుడు కాలిమేషన్ తగ్గించి విడివిడిగా రెండు తీస్తాం. అంటే కాకా చెప్పేదీ జరుగుతుంది, అక్క చెప్పేదీ జరుగుతుంది. ఏ ఆసుపత్రి ప్రోటోకాల్ ఏంటో తెలియకుండా ఇక్కడ తేలదు.

ఇంకోటి, దెబ్బ తగిలి వచ్చినవాళ్లకి ఫ్రాగ్ లెగ్ పెట్టకూడదు. విరిగిన కాలు పొట్టిగా, బయటికి తిరిగిపోయి ఉంటుంది. దాన్ని తిప్పబోతే ప్రాణం పోతుంది వాళ్లకి, ముక్కలు కదిలిపోతాయి కూడా. వాళ్లకి క్రాస్ టేబుల్ లేటరల్ తీస్తాం. బాగున్న కాలిని మడిచి పైకెత్తి ఆసరా మీద పెట్టాలి. క్యాసెట్‌ని నడుము పక్కన, తొడ ఎముక మెడకి సమాంతరంగా నిలబెట్టాలి. ట్యూబ్ అడ్డంగా కొడుతుంది. లావుపాటి మనిషైతే ఇది తీసేసరికి మా నడుము పడిపోతుంది.

ఫిజియో_టు_కోడర్
పోస్టంటే ఇదీ. పదిహేను డిగ్రీల సంగతి కాలేజీలో బట్టీ కొట్టాం, ఎందుకు తిప్పాలో ఇప్పుడు తెలిసింది.

నైట్‌షిఫ్ట్_నాని
@టెక్నీషియన్_తెనాలి అన్నా, మా పేషెంట్ టీనేజ్ కుర్రాడు. ఇండికేషన్‌లో స్లిప్డ్ ఎపిఫిసిస్ (తొడ ఎముక తల జారడం) రూల్ అవుట్ (ఉందో లేదో తేల్చండి) అని ఉంది. అంటే ఒకే షాట్ అయ్యుండొచ్చు కదా?

టెక్నీషియన్_తెనాలి
అయ్యుండొచ్చు. ఆ జబ్బులో జారడం లేటరల్‌లోనే ముందు కనిపిస్తుంది, అవతలి వైపు కూడా జారే అవకాశం ఉంది కాబట్టి రెండు వైపులా అడుగుతారు. కుర్రాడైతే మేం ఒకే షాట్ కొడతాం. అమెరికాలో ఎలా కొడతారో నాకేం తెలుసు.

కోడింగ్_కాకా
సూస్తివా అక్కా 😎

అమీర్‌పేట_అక్క
"అయ్యుండొచ్చు" మీద క్లెయిమ్ వెయ్యరు కాకా. ఇక నాని, నీ పని వ్యూలతో అయిపోలేదు. రూల్ అవుట్ అన్నావ్ కదా, డయాగ్నసిస్ ఏం ఇచ్చావ్? ఆ జబ్బుకుండే ఎం93.0 సిరీస్ ఇచ్చి ఉంటే అది ఇంకో ఎర్రర్.

నైట్‌షిఫ్ట్_నాని
లేదక్కా, రిపోర్టు నార్మల్. నొప్పి రెండు వైపులా అని రాశారు. కుడి, ఎడమ తుంటి నొప్పికి ఎం25.551, ఎం25.552 ఇచ్చాను.

అమీర్‌పేట_అక్క
బాగుంది. కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. అవుట్‌పేషెంట్‌లో ప్రాబబుల్, సస్పెక్టెడ్, రూల్ అవుట్, "కెనాట్ ఎక్స్‌క్లూడ్" ఏది రాసినా ఆ జబ్బు కోడ్ ఇవ్వకూడదు. పేషెంట్ ఏ లక్షణంతో వచ్చాడో అదే ఇవ్వాలి. రేడియాలజిస్ట్ చదివి ఖాయంగా చెప్పింది ఉంటే అది ఇవ్వొచ్చు. మా టీమ్‌లో కొత్తమ్మాయి "నాన్ డిస్‌ప్లేస్డ్ ఫ్రాక్చర్ కెనాట్ బి ఎక్స్‌క్లూడెడ్, ఎమ్మారై రికమెండెడ్" అన్న రిపోర్టుకి ఫ్రాక్చర్ కోడ్ ఇచ్చింది. లేని ఫ్రాక్చర్ ఆ ముసలావిడ రికార్డులో కూర్చుంటుంది.

డల్లాస్_బాబాయ్
నేను కోడర్‌ని కాదు, గూగుల్ ఇక్కడికి తెచ్చి పడేసింది. మా అత్తగారు మా దగ్గరికి వచ్చినప్పుడు బాత్‌రూమ్ టబ్‌లో జారిపడ్డారు. ఈఆర్‌కి (ఎమర్జెన్సీకి) తీసుకెళితే తుంటి ఎక్స్‌రే తీశారు. దేవుడి దయవల్ల విరగలేదు. ఇప్పుడు బిల్లులు వస్తున్నాయి. ఆసుపత్రి నుంచి ఒకటి, పేరు కూడా వినని రేడియాలజీ గ్రూప్ నుంచి ఇంకొకటి. రెండింట్లోనూ 73502. ఆసుపత్రి బిల్లులో అదనంగా 72170 అని ఒక లైన్ కూడా ఉంది. ఒకే ఎక్స్‌రేకి మూడు సార్లు బాదుతున్నారా? విజిటర్ ఇన్సూరెన్స్ వాడు డిడక్టబుల్ అంటూ చేతులెత్తేశాడు.

ఆడిట్_ఆచారి
బాబాయ్, రెండు బిల్లులు రావడం దోపిడీ కాదు. ఫిల్మ్ తీసినందుకు ఆసుపత్రిది ఒకటి, చదివి రిపోర్టు రాసినందుకు రేడియాలజిస్ట్‌ది ఒకటి. డాక్టర్ బిల్లులో కోడ్ పక్కన 26 ఉందేమో చూడండి, అది చదివినందుకు మాత్రమే అని అర్థం. ఆసుపత్రి బిల్లులో అదే కోడ్ 0320 అనే రెవెన్యూ కోడ్ కింద ఉంటుంది. అక్కడి వరకూ సరే.

72170 దగ్గరే ఆగండి. ఒకే సిట్టింగ్‌లో తీసిన పెల్విస్ అయితే అది 73502లో కలిసిపోవాలి. పైన శ్రావణికి చెప్పిందే. ఐటమైజ్డ్ బిల్లు, ఎక్స్‌రే రిపోర్టు రెండూ తెప్పించుకోండి. రిపోర్టులో పెల్విస్, తుంటి ఒకే పరీక్షగా రాసి ఉంటే బిల్లింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి "కోడింగ్ రివ్యూ" అడగండి. "డిస్కౌంట్" అడిగితే వేరే డిపార్ట్‌మెంటుకి తోసేస్తారు.

డల్లాస్_బాబాయ్
చాలా ఉపయోగపడింది సర్. ఇక్కడ పదేళ్లుగా ఉన్నా ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. బిల్లులో డబ్ల్యూ18.2ఎక్స్ఎక్స్ఏ అని కూడా ఉంది, అంటే ఏంటి?

ఉప్పల్_కోడర్
టబ్‌లో పడ్డారు అని. అమెరికావాళ్లు పడ్డ చోటికి కూడా నంబరేస్తారు. కోడి పొడిచినా కోడ్ ఉంది, డబ్ల్యూ61.33ఎక్స్ఏ.

కోడింగ్_కాకా
సంక్రాంతికి భీమవరంల ఒక ఫెసిలిటీ పెట్టాలె. వాల్యూమ్స్ మస్తు.

టెక్నీషియన్_తెనాలి
కోడి పొడిస్తే సరే. కాలికి కత్తి కట్టిన కోడి అయితే?

ఉప్పల్_కోడర్
డబ్ల్యూ61.32, స్ట్రక్ బై చికెన్. కత్తికి విడిగా కోడ్ ఉందేమో ఆచారి గారినడగాలి.

ఆడిట్_ఆచారి
నన్ను ఇందులోకి లాగొద్దు.

సీమ_సింహం
ఇంగ పుత్తూరు కట్టుకి సీపీటీ కోడ్ ఏందప్పా? మా మామకి తుంటి ఇరిగితే ఆస్పత్రి వద్దని ఆడికే తీస్కపోయినారు.

ఫిజియో_టు_కోడర్
తొడ ఎముక మెడ విరిగితే మానిప్యులేషన్ లేకుండా క్లోజ్డ్ ట్రీట్‌మెంట్ 27230, సరిచేసి కడితే 27232. కోడ్ సరదా పక్కన పెడితే మీ మామ పరిస్థితి ఎలా ఉంది? పెద్దవాళ్లలో తుంటి మెడ విరిగితే కట్టుతో అతకడం కష్టం. అక్కడికి రక్తం అందడమే తక్కువ, విరిగినప్పుడు ఆ రక్తనాళాలు కూడా తెగుతాయి. మంచాన పడితే పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వరుసగా వస్తాయి. చెయ్యి విరిగితే కట్టుకట్టించుకోండి, మీ ఇష్టం. తుంటికి మాత్రం ఆర్థో దగ్గరికే.

సీమ_సింహం
తర్వాత తిరపతిలో ఆపరేషన్ చేపించినాం. ఇప్పుడు కర్ర పట్టుకోని నడుస్తా ఉండాడు. మొదట్నే పోయింటే అంత తిప్పలు లేకుండె.

వేదిక_నిర్వాహకుడు
పైన ఒక పోస్టులో రిపోర్టు స్క్రీన్‌షాట్ పెట్టారు, తీసేశాను. పేరు చెరిపేసినా అక్సెషన్ నంబరు, పుట్టిన తేదీ కనిపిస్తున్నాయి. హిపా (అమెరికాలో పేషెంట్ వివరాల గోప్యత చట్టం) సంగతి మీ అందరికీ నాకంటే బాగా తెలుసు. వాక్యం టైప్ చేసి అడగండి, చాలు.

బీఫార్మ్_బ్రో
ఫ్రాక్చర్ అన్నారు కాబట్టి నా డౌట్. రిపోర్టులో "రైట్ ఫెమోరల్ నెక్ ఫ్రాక్చర్" అని మాత్రమే ఉంది. ఓపెనా, క్లోజ్డా, పక్కకి జరిగిందా లేదా ఏమీ లేదు. దెబ్బ వల్ల విరిగినదానికిచ్చే ఎస్72.001ఏ ఇచ్చాను. ఆడిటర్ ఒప్పుకున్నాడు. కానీ హిస్టరీలో ఆస్టియోపోరోసిస్ ఉందని ఇంకో ఆడిటర్ ఎర్రర్ వేశాడు. ఇద్దరు ఆడిటర్లు, రెండు మతాలు.

అమీర్‌పేట_అక్క
రెండో ఆడిటర్ వైపే నేను. రాయకపోతే క్లోజ్డ్‌గా, డిస్‌ప్లేస్డ్‌గా తీసుకోవాలన్నది గైడ్‌లైన్, అది నిజమే. కానీ ఆస్టియోపోరోసిస్ ఉందని తెలిసిన మనిషి, మామూలు ఎముక విరగనంత చిన్న పడిపాటుకి విరిగితే ఎస్ కోడ్ కాదు, ఎం80 (ఆస్టియోపోరోసిస్ వల్ల విరగడం). ఏజ్ రిలేటెడ్, కుడి తొడ ఎముక, కరెంట్ ఫ్రాక్చర్ అయితే ఎం80.051ఏ. కుర్చీలోంచి లేస్తూ పడ్డవాళ్లకీ, బైక్ మీంచి ఎగిరిపడ్డవాళ్లకీ ఒకటే కోడ్ ఎలా ఇస్తావ్?

బీఫార్మ్_బ్రో
పడిందెలాగో రిపోర్టులో ఉండదు కదక్కా. "ఫాల్" అంతే. మెట్ల మీంచా, మంచం మీంచా మనకెవరు చెబుతారు? ప్రో-ఫీలో మాకు ఈఆర్ నోట్ కూడా ఇవ్వరు.

అమీర్‌పేట_అక్క
అది నిజమే. ఎంత చూడటానికి ఇచ్చారో అంతవరకే కోడ్. హిస్టరీ రేడియాలజీ ఆర్డర్‌లో ఉంటే లెక్క, లేకపోతే లేదు.

ఆడిట్_ఆచారి
ఇప్పుడు తీరిగ్గా నాని విషయం. ఇద్దరి పాయింట్లూ చూశాను.

హెడ్డింగ్ ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించండి. చాలాచోట్ల అది ఆర్డర్ పేరు, రిస్ (రేడియాలజీ సాఫ్ట్‌వేర్) నుంచి దానంతటదే దిగుతుంది. డాక్టర్ 3 వ్యూలు ఆర్డర్ పెట్టాడు, టెక్నీషియన్ నొప్పి వల్ల రెండే తీశాడు, హెడ్డింగ్ మారదు. అందుకే హెడ్డింగ్ లెక్క నమ్మొద్దంటాం. కానీ అది బాడీతో కొట్టుకున్నప్పటి మాట. ఇక్కడ బాడీ "మూడు కాదు" అనడం లేదు. రెండుగానూ చదవొచ్చు, మూడుగానూ చదవొచ్చు. హెడ్డింగ్ మూడంటోంది, బాడీ అడ్డుచెప్పడం లేదు. ఆడిటర్ అలా చదివి ఉంటుంది. తప్పనను.

అలాగని నాని చదివింది కూడా తప్పనను. స్పష్టంగా లేనప్పుడు తక్కువ కోడ్ ఇవ్వడం మనం నేర్పేదే. వ్యూల సంఖ్య ఎక్కడా లేని ఒక వైపు తుంటికి 73501 ఇమ్మంటాం కదా, అదే దారి. ఇలాంటి చార్ట్ మీద ఎర్రర్ వెయ్యడం కాదు, క్లయింట్‌కి క్వెరీ పెట్టాలి. రిబటల్‌లో "నాదే కరెక్టు" అని రాయకు. "డాక్యుమెంటేషన్ రెండు విధాలుగా ఉంది, క్లారిఫికేషన్ కావాలి" అని రాయి. ఆడిటర్ మొండికేసినా టీఎల్ (టీమ్ లీడ్) పైకి పంపక తప్పదు.

కోడింగ్_కాకా
ఆచారి సారు మాట గట్టిది. నేను మాత్రం రెండే అంట.

ఉప్పల్_కోడర్
ఇమేజ్ తెరిచి చూసి లెక్కపెట్టుకుంటే గొడవే లేదు కదా? మా దాంట్లో ప్యాక్స్ (ఎక్స్‌రే ఇమేజ్‌లు ఉండే సిస్టమ్) లింక్ కనిపిస్తుంది.

ఆడిట్_ఆచారి
కనిపించినా తెరవకు. కోడ్ రిపోర్టు మీంచి రావాలి. ఫిల్మ్ చూసి వ్యూలు లెక్కపెడితే రేపు ఫ్రాక్చర్ కూడా నువ్వే చెబుతావు.

టెక్నీషియన్_తెనాలి
అలాంటి వాళ్లు మా ఆసుపత్రిలో చాలామందే ఉన్నారు సర్, వాచ్‌మన్‌తో సహా 😂

వైజాగ్_వీణ
ఈ దారంలో ఇన్ని పోస్టులు చదివాక నాకు వచ్చిన సందేహం. మన గొడవంతా 26 మీదే. తీసినవాళ్లకి ఎఫ్ఎక్స్, ఎఫ్‌వై అని ఏవో మోడిఫయర్లు ఉన్నాయంటారు, అవెప్పుడూ చూడలేదు.

ఆడిట్_ఆచారి
చూడవు. అవి టెక్నికల్ కాంపోనెంట్ మీద. ఫిల్మ్ ఎక్స్‌రే అయితే ఎఫ్ఎక్స్, 2017 నుంచి మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) అక్కడ 20 శాతం కోస్తోంది. క్యాసెట్‌తో చేసే కంప్యూటెడ్ రేడియోగ్రఫీ అయితే ఎఫ్‌వై, 2018లో 7 శాతంతో మొదలుపెట్టి 2023 నుంచి 10 చేశారు. అందరినీ డిజిటల్ డిటెక్టర్లకి తొయ్యడానికి.

టెక్నీషియన్_తెనాలి
మా దగ్గర ఇంకా సీఆర్ క్యాసెట్లే. మెడికేర్ వాడొస్తే నా జీతంలోనే కోస్తాడు.

శ్రీకాకుళం_చిన్నోడు
ప్రోస్థసిస్ కేసు ఒకటి అడుగుతా. తుంటి మార్పిడి అయిన పేషెంట్, కుడి వైపు బంతి గూట్లోంచి జారిపోయింది. ఈఆర్‌లో ముందు ఒక ఏపీ, లోపలికి పెట్టాక ఇంకో ఏపీ. రెండూ ఒకే రేడియాలజిస్ట్ చదివాడు. 73501 రెండు యూనిట్లు ఇవ్వనా?

ఫిజియో_టు_కోడర్
యూనిట్లు కాదు, రెండు లైన్లు. మొదటిది 73501-26-ఆర్‌టీ, రెండోది అదే కోడ్ మీద 76 (అదే డాక్టర్ మళ్లీ చేశాడని) కూడా. వేరే రేడియాలజిస్ట్ చదివి ఉంటే 77. ముందు 73502, తర్వాత 73501 అయితే కోడ్‌లే వేరు కాబట్టి 76 కుదరదు, విడి పరీక్ష అని చెప్పే 59 లేదా ఎక్స్ఈ మోడిఫయర్ వైపు చూడాలి. డయాగ్నసిస్ టీ84.020ఏ.

శ్రీకాకుళం_చిన్నోడు
రెండో ఫిల్మ్‌లో బంతి గూట్లోనే ఉంది కదా, అయినా డిస్‌లొకేషన్ కోడేనా?

ఫిజియో_టు_కోడర్
మా క్లయింట్‌కి అలాగే ఇస్తాం, సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి తీసిందే కాబట్టి. మీ క్లయింట్ గైడ్‌లైన్ ఒకసారి చూసుకో. ఏ గొడవా లేకుండా మామూలు ఫాలోఅప్ అయితే జెడ్47.1, దాంతోపాటు జెడ్96.641.

వైజాగ్_వీణ
"డీజెనరేటివ్ చేంజెస్ ఇన్ బోత్ హిప్స్" కి ఎం16.0 (రెండు తుంటుల ఆస్టియోఆర్థ్రైటిస్) ఇస్తున్నారా ఎవరైనా? మా ఫ్లోర్‌లో ఈ ఒక్క వాక్యం మీద రెండు పార్టీలు.

అమీర్‌పేట_అక్క
"డీజెనరేటివ్ జాయింట్ డిసీజ్" అంటే ఇండెక్స్ నేరుగా ఆస్టియోఆర్థ్రైటిస్‌కి పంపుతుంది, అక్కడ గొడవ లేదు. "చేంజెస్" అంటే నేనివ్వను. జాయింట్ స్పేస్ తగ్గింది, ఆస్టియోఫైట్స్ ఉన్నాయి అన్నవి కూడా కనిపించిన గుర్తులే, రోగం పేరు డాక్టర్ నోటి నుంచి రావాలి. మా పాత క్లయింట్ మాత్రం ఇవ్వొచ్చని గైడ్‌లైన్‌లోనే రాసిచ్చాడు. ఈ క్లయింట్‌కి ఇస్తే ఎర్రర్, ఆ క్లయింట్‌కి ఇవ్వకపోతే ఎర్రర్.

నైట్‌షిఫ్ట్_నాని
అప్‌డేట్. ఆచారి గారు చెప్పిన మాటలే దాదాపు అలాగే రాసి పంపాను. ఆడిటర్ ముందు రిజెక్ట్ చేసింది, టీఎల్ క్లయింట్‌కి పంపాడు. జవాబొచ్చింది. వాళ్ల దగ్గర పెద్దవాళ్లకి లేటరల్స్ విడిగా తీస్తారట, పిల్లల సెంటర్‌లో ఒకే షాట్. ఇక నుంచి రేడియాలజిస్టులు టెంప్లేట్‌లో సంఖ్య రాస్తారు, అప్పటిదాకా హెడ్డింగ్‌కి బాడీ ఎదురు చెప్పకపోతే హెడ్డింగ్ లెక్క తీసుకోండి అన్నారు. నా చార్ట్ పిల్లల సెంటర్‌దే. ఎర్రర్ తీసేశారు.

కోడింగ్_కాకా
రెండే అని నేను మొదటి రోజే చెప్పిన. చాయ్ ఎప్పుడు?

అమీర్‌పేట_అక్క
కొత్త గైడ్‌లైన్ ప్రకారం రేపట్నుంచి అదే చార్ట్‌కి మూడు, కాకా. చదవండి సరిగ్గా.

కోడింగ్_కాకా
రేపటి ముచ్చట రేపు.

బీఫార్మ్_బ్రో
ఎక్స్‌రేలు మొత్తం సాఫ్ట్‌వేరే కోడ్ చేసేస్తుందని మా మేనేజర్ బెదిరిస్తున్నాడు. అలాంటప్పుడు ఈ గొడవలన్నీ ఎందుకు?

ఆడిట్_ఆచారి
మా దగ్గర ఆల్రెడీ సగం దాని మీంచే పోతున్నాయి. అది వెనక్కి తోసేసేవి సరిగ్గా ఇలాంటి చార్ట్‌లే. సీటీ, ఎమ్మారై, ఐఆర్ (ఇంటర్వెన్షనల్ రేడియాలజీ) నేర్చుకోండి. ఎక్స్‌రే ఒక్కటే పట్టుకుని కూర్చోకండి.

డల్లాస్_బాబాయ్
ఫోన్ చేశాను. "కోడింగ్ రివ్యూ" అనగానే అమ్మాయి గొంతు మారింది. రివ్యూ అయ్యేదాకా ఖాతా హోల్డ్‌లో పెడతామన్నారు, కలెక్షన్స్‌కి పంపరట. రిపోర్టు కూడా పోర్టల్‌లో దొరికింది, అందులో "పెల్విస్ అండ్ రైట్ హిప్, 3 వ్యూస్" అని ఒకే రిపోర్టు.

ఆడిట్_ఆచారి
మూడు వ్యూలు, ఒక వైపు. 73502 ఒక్కటే. ఆ 72170 తీసేస్తారు. హోల్డ్ సంగతి మెసేజ్‌లో రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్ మాట నమ్మొద్దు.

ఫ్రెషర్_శ్రావణి
చివరిగా ఒకటి. నెలల పిల్లకి తుంటి జారిందేమోనని ఒక్క ఏపీ పెల్విస్ మాత్రమే తీశారు. రెండు తుంటుల గురించీ రిపోర్టు రాశారు. బైలేటరల్‌లో ఒక వ్యూ కోడ్ కనిపించడం లేదు. 73501కి 50 పెట్టాలా?

అమీర్‌పేట_అక్క
వద్దు. బైలేటరల్ రెండు వ్యూల దగ్గర మొదలవుతుంది. ఒక్క ఏపీ పెల్విస్ అయితే 72170. కప్ప భంగిమ కూడా తీసి ఉంటే అప్పుడు 73521.

టెక్నీషియన్_తెనాలి
ఎన్ని నెలల పిల్ల? నాలుగైదు నెలల లోపైతే తొడ ఎముక తల ఇంకా మృదులాస్థే, ఎక్స్‌రేలో కనపడదు. అల్ట్రాసౌండ్ తియ్యాలి.

ఫ్రెషర్_శ్రావణి
ఏడు నెలలన్నా.

టెక్నీషియన్_తెనాలి
అయితే సరే.